మాస్టారి కుడివైపు

మా మాస్టారు ఆడమనిషి. ఈ ముక్క ముందే చెప్పకపోతే తర్వాత తికమక పడతారు. మా కుట్టుషెడ్డులో పన్నెండు మెషిన్లు, మధ్యలో ఒక పొడవాటి బల్ల. ఆ బల్ల దగ్గర కత్తెర పట్టుకుని నిలబడే మనిషిని కటింగ్ మాస్టర్ అంటారు. వాళ్ళ నాన్న పోయాక ఆ కత్తెర ఆమె చేతికొచ్చింది. మనిషి మారినా పిలుపు మారలేదు. నేను జేబులూ కాలర్లూ కుట్టేవాణ్ణి.

చేరిన మొదటిరోజే మా ఇద్దరికీ గొడవైంది. అరవై యూనిఫాం చొక్కాలు. "జేబు కుడివైపు" అంది తలెత్తకుండా. చొక్కా జేబు ఎక్కడైనా ఎడమవైపే ఉంటుందని నాకు తెలియక కాదు. యూనిఫాం కదా, ఇదేదో స్పెషల్ కాబోలనుకుని అరవైకీ కుడివైపు బిగించేశాను.

సాయంత్రం ఒక చొక్కా ఎత్తి చూసింది.

"ఇదేంటి?"

"జేబండీ."

"కళ్ళున్నాయి నాకు. ఇటెందుకు పెట్టావ్?"

"మీరే కదా కుడి అన్నారు!"

"కుడంటే ఇది." చొక్కా ముందుభాగాన్ని బల్ల మీద పరిచి, తన కుడిచేతి వైపు తట్టింది. "బట్ట నా మొహం చూస్తూ పడుకుంటుంది. నా కుడే కుడి. ఈ షెడ్డులో మా నాన్న కాలం నుంచీ అంతే."

"అంటే తొడుక్కునేవాడి ఎడమ."

"తొడుక్కునేవాడు ఇక్కడ లేడుగా. నేనున్నాను."

"ముందే చెప్పొచ్చుగా?"

"అడగొచ్చుగా?"

అరవై జేబులూ విప్పడానికి కూర్చున్నాను. కాసేపటికి ఆమె వచ్చి ఎదురుగా కూర్చుని, కిక్కురుమనకుండా సగం చొక్కాలు తనవైపు లాక్కుంది. తప్పు తనదీ కొంత ఉందని ఒప్పుకోవడం ఆమెకి అంతవరకే వచ్చు. నాకు అది చాలింది. ఆ రోజు నుంచి నేను ఆమె మనిషినైపోయాను.

నాలుగేళ్ళు నా కుట్లకి వంకలు పెడుతూనే ఉంది, నేను వాదిస్తూనే ఉన్నాను. ఒకరోజు హోరున వాన. ఇద్దరం షెడ్డు చూరు కింద ఇరుక్కుపోయాం. ఆమె చెయ్యి చాచి చినుకులు పట్టుకుంటోంది. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"మాస్టారూ, నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

"నీ కాలర్ మూలలు ఇంకా సమంగా రావట్లేదు" అంది వానని చూస్తూ.

"అవి నేర్చుకుంటాను. దీని సంగతి చెప్పండి."

"చేతిలో ఉన్న ఆర్డర్ అయిపోనీ. చెప్తా."

పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. నేను చూశాను. ఇంకో నెలరోజుల్లో ఆర్డర్ పూర్తవుతుంది. ఆ నెల మొదట్లోనే ఆమెకి రొమ్ములో గడ్డ తగిలింది.

స్నానం చేస్తుంటే చేతికి తగిలిందట, శనగగింజంత. నొప్పి లేదు కదా అని రెండురోజులు ఊరుకుంది. మూడోరోజు "నీ బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్ళు, అమ్మకి చెప్పకు" అంది. మామోగ్రామ్ అన్నారు. అక్కణ్ణుంచి అల్ట్రాసౌండ్ అన్నారు. ఆ తర్వాత లావుపాటి సూదితో చిన్నముక్క తీసి పరీక్షకి పంపారు. రిపోర్టుకి వారం పట్టింది. ఆ వారమంతా ఆమె బల్ల దగ్గరే ఉంది, ఒక్క గీతా వంకర పోలేదు.

రిపోర్టు రోజున డాక్టరమ్మ నెమ్మదిగా, దాచకుండా చెప్పింది. క్యాన్సరే. ఎడమ రొమ్ములో ఒకచోట కాదు, రెండుచోట్ల ఉంది. కాబట్టి రొమ్ము మొత్తం తీసేయడమే మంచిది. చంకలోని గ్రంథులకి పాకిందో లేదో ఆపరేషన్ చేసి పరీక్షకి పంపితేగానీ పూర్తిగా తెలియదు. ఆ తర్వాత మందులు, జుట్టు ఊడటం, అవన్నీ.

బయటికొచ్చాక మెట్ల మీద ఆగింది.

"నువ్వడిగావుగా. జవాబు చెప్తున్నా. వద్దు."

"ఆర్డర్ ఇంకా అవలేదండీ."

"ఎకసెక్కాలు ఆపు. నాకేం బాగాలేదు. నువ్వు చక్కగా వేరే పిల్లని చూసుకో. నా వెనక తిరక్కు."

నేను తిరగడం మానలేదు. బండి నాది. ఆటో ఖర్చెందుకని సాకు చెప్పాను. ఆమె పోపో అంటూనే ఎక్కేది. ఆమె ఉంటుందో లేదో తెలియదు. ఉన్నా నన్ను ఉండనిస్తుందో లేదో తెలియదు. ఆ రెండు భయాలతో అద్దంలో ఆమె మొహం చూస్తూ బండి నడిపేవాణ్ణి.

ఇక వాళ్ళమ్మకి చెప్పక తప్పలేదు. ఆవిడ రావడం మొదలుపెట్టాక నన్ను అసలు లెక్కచేయలేదు. ఛాతీ ఎక్స్‌రే రోజున మాత్రం, కూతురు లోపలుండగా, గోడవైపు చూస్తూ అంది.

"చూడు బాబూ. ఇలాంటప్పుడు మాటలు అందరూ చెప్తారు. జుట్టు రాలి, వాంతులవుతుంటే ఒక్కడూ కనబడడు. పోయేవాడివి ఇప్పుడే పో. దానికి ఒక దెబ్బ తగ్గుతుంది."

"నేను ఎక్కడికీ పోనాంటీ."

"ఆ. అదే అంటారు."

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆవిడ కూతురు విప్పిచ్చిన బట్టల్ని మడిచినవే మళ్ళీ మడుస్తోంది. కోపాన్ని మింగేశాను.

అప్పుడే మాస్టారు ఆసుపత్రి గౌనులో బయటికొచ్చింది. ఇంకా ఈసీజీ తీయాలి. గౌను తాళ్ళు లాగి చూస్తూ, "ఎవడు కుట్టాడో మహానుభావుడు! రెండుసార్లు లాగితే ఊడి చేతికొస్తుంది" అంది.

"మనమే కుట్టామేమో."

"చాల్లే. నేను కత్తిరిస్తే ఇంత బిగుతుంటుందా చంక..."

చంక అన్న మాట దగ్గర ఆగిపోయింది. ముగ్గురం నేలచూపులు చూశాం. ఈసీజీకి పిలిస్తే లేచి వెళ్ళింది.

ఆపరేషన్‌కి ముందురోజు మధ్యాహ్నం రక్తం మళ్ళీ తీశారు. మత్తు డాక్టరు నోరు తెరిపించి చూసి, పొద్దున్న మంచినీళ్ళు కూడా ముట్టొద్దని చెప్పి వెళ్ళాడు. చివరగా నర్సు ఫారం పట్టుకుని మా ముందు కూర్చుంది.

"ఏ వైపమ్మా ఆపరేషన్?"

"కుడి" అంది మాస్టారు.

నర్సు కలం ఆగింది. ఫైలు తిప్పింది. "మళ్ళీ చెప్పండి."

"కుడండీ. ఎన్నిసార్లు చెప్పాలి?"

నర్సు కలం మూత పెట్టేసింది. "ఫైల్లో ఎడమ అనుంది. పేషెంటు మాటా ఫైలూ కలవకపోతే నేను సంతకం పెట్టను. డాక్టరుగారొచ్చి మొదట్నుంచీ చూడాలి. కుదరకపోతే రేపటి లిస్టులోంచి తీసేస్తారు. మళ్ళీ మూడువారాలకి గానీ ఖాళీ లేదు."

వాళ్ళమ్మ దిగ్గున లేచింది.

"అంటే ఇది వేరేవాళ్ళ ఫైలా? చూశావా, నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నా! మా పిల్లకి జబ్బేంటి? ఇంకెవరి కాగితాలో తెచ్చి దీనికి అంటగట్టారు! సరిగ్గా చూడు తల్లీ, నీకు పుణ్యముంటుంది!"

ఆవిడ మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. మాస్టారు కూడా తల్లివైపే చూస్తోంది, నోరు కొంచెం తెరుచుకుని. నిజమేనేమో అన్న ఆశ ఆమె కళ్ళలోనూ కనబడింది. నాకు అసలు సంగతి అర్థమైపోయింది. అర్థం కాకుండా ఉంటే బాగుండుననిపించింది. ఆ ఆశని నా నోటితోనే తుంచాలి. అంత పాపిష్టి పని నేనెన్నడూ చేయలేదు.

"ఫైలు మాస్టారిదే సిస్టర్" అన్నాను. "ఈమె కటింగ్ మాస్టర్. బల్ల మీద పరిచిన బట్టని ఎదురుగా నిలబడి చూసి వైపులు చెప్తుంది. మీరు ఎడమ అన్నది ఆమెకి కుడి. మాస్టారూ, జేబు ఉండే వైపా, కాదా?"

ఆమె తల్లి మొహం మీంచి చూపు దించుకుంది.

"జేబు వైపే."

"చెయ్యి పెట్టి చూపించండమ్మా" అంది నర్సు.

చెయ్యి పెట్టింది. ఎడమవైపు, గుండె మీద. ఆ చేతిని తనది కానట్టు చూసుకుంది. వాళ్ళమ్మ కుర్చీలో కూలబడి నన్ను చూసిన చూపుకి నేను బూడిద కావాల్సింది.

డాక్టరమ్మ వచ్చి లోపల మళ్ళీ పరీక్ష చేసి, ఫిల్ములతో సరిచూసి, ఎడమేనని రాసి సంతకం పెట్టింది. లిస్టులో పేరు నిలిచింది. వాళ్ళమ్మ మొహం కడుక్కోవడానికి వెళ్ళింది. బెంచీ మీద మేమిద్దరమే మిగిలాం. ఇన్నాళ్ళలో మొదటిసారి మాస్టారు ఏడ్చింది.

"నన్ను నేనే బల్ల మీద పరిచేసుకున్నాను. పాడైన ముక్క కత్తిరించి పారేస్తాం కదా. ఇదీ అంతే అనుకుంటే ఏడుపు రాదనుకున్నా."

"వస్తే రానీండి."

"నువ్వెళ్ళిపో. నీ జాలి నాకొద్దు."

అంతే, నా తిక్క రేగింది.

"జాలా? నీ మీద నాకు జాలా? నాలుగేళ్ళు నా చేత కుట్టిందల్లా విప్పించావు! ఒక్క కాలర్‌నైనా బాగుందన్నావా? నాకు నీ మీద ఉన్నవన్నీ వరసగా చెప్పనా? కోపం ఉంది, భయం ఉంది, ప్రేమ ఉంది. జాలికి చోటెక్కడుంది?"

వరండాలో వాళ్ళంతా తిరిగి చూశారు. ఆమె ముక్కు తుడుచుకుంది.

"‘నువ్వు’ అన్నావు. ‘మీరు’ పోయింది."

"కోపమొస్తే పోతుంది."

"నాకు ఒకవైపు ఏమీ ఉండదు. చూడలేవు."

"చూసిన మొదటిరోజు నాకూ కష్టంగానే ఉంటుందేమో. ఉండదని కోతలు కోయను. కానీ నా భయం నీకు రొమ్ము ఉండదని కాదు. నువ్వే ఉండవేమోనని. రాత్రీ పగలూ అదొక్కటే భయం."

వాళ్ళమ్మ రావడం చూసి ఆమె లేచింది.

"పొద్దున్న ఆరింటికి రమ్మన్నారు. బండి తీసుకురా" అంది.

అది జవాబు కాదు. కానీ వద్దు కంటే నయం.

పొద్దున్న ఏడింటికల్లా ఆమెని చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. డాక్టరమ్మ మార్కర్ పెన్నుతో ఎడమవైపు బాణం గుర్తు వేసి వెళ్ళిందని మాస్టారు చెప్పింది. "గీత నిటారుగా లేదు" అని కూడా చెప్పింది. కమ్మలు, గాజులు తీసి వాళ్ళమ్మకిచ్చింది. వేలికున్న ఉంగరం మాత్రం రాలేదు. వాళ్ళ నాన్నది, ఆయన పోయినప్పట్నుంచీ ఆమె వేలికే ఉంది. సబ్బు రాసినా కదల్లేదు.

"లోహమేదీ లోపలికి రాకూడదు. కట్టర్ తెస్తాను, కోసేద్దాం" అంది నర్సు.

"కోయొద్దు తల్లీ! అదొక్కటే మిగిలింది ఆయనది" అంది వాళ్ళమ్మ.

నా జేబులో ఎప్పుడూ దారం ఉంటుంది. ఒక కొసని ఉంగరం కిందినుంచి దూర్చి, మిగతాది వేలి కణుపు మీదుగా దగ్గరదగ్గరగా బిగించి చుట్టాను. కింది కొస పట్టుకుని మెల్లగా విప్పడం మొదలుపెడితే చుట్టు చుట్టుకీ ఉంగరం ముందుకి కదిలింది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"అబ్బా, నెమ్మది. లోకంలో మగాళ్ళంతా ఉంగరం తొడుగుతారు. నువ్వు ఊడబీకుతున్నావ్."

"మొండిది మరి. ఎవరి వేలికి ఉందో చూడు."

కణుపు దగ్గర చర్మం కొంచెం గీరుకుంది. ఉంగరం వచ్చేసింది. వాళ్ళమ్మకి చాచాను. ఆవిడ తీసుకోలేదు.

"నిన్న నిన్ను చంపేయాలన్నంత కోపమొచ్చింది నాకు" అంది. "ఒక్క అబద్ధం ఆడి ఉంటే, కనీసం నోరు మూసుకుని ఉంటే, ఆ పూటకి నీకు దణ్ణం పెట్టేదాన్ని. నువ్వు నా దగ్గర మంచనిపించుకోవాలని చూడలేదు, దాని మంచి చూశావు. నీ దగ్గరే ఉంచు నాయనా. అది బయటికొచ్చాక నువ్వే తొడుగు."

"అమ్మా, నన్నడగవా?" అంది మాస్టారు మంచం మీంచి.

"అడుగుతున్నా. చెప్పు."

నర్సు మంచం తోయడానికి చెయ్యి వేసి ఆగింది. మాస్టారు నావైపు తిరిగింది. హాస్యమంతా పోయి మొహం చిన్నపిల్ల మొహంలా అయిపోయింది.

"నాకు చాలా భయంగా ఉంది" అంది. తర్వాత "సరే" అంది.

మంచం లోపలికి వెళ్ళింది, తలుపులు మూసుకున్నాయి. మూడుగంటలు పడుతుందన్నారు. ఉంగరం నా ఏ వేలికీ పట్టలేదు, గుప్పిట్లో పెట్టుకుని గోడవారన నిలబడ్డాను. వాళ్ళమ్మ పక్క కుర్చీలోని సంచి తీసి కింద పెట్టి, "కూర్చో" అంది. కూర్చున్నాను.