కాలిన గుట్ట మీద జెరూష

సృజన్ చూస్తుండగానే ఒకమ్మాయి గుట్ట అంచు నుంచి దూకేసింది.

అతను గట్టిగా అరిచాడు. భుజం మీది సంచి ఎక్కడ పడేశాడో తెలియదు. పరుగెత్తుకెళ్లి అంచు దగ్గర బోర్లా పడి కిందికి చూశాడు. నడుముకి కట్టిన తాడుతో ఆ అమ్మాయి గాల్లో హాయిగా ఊగుతోంది.

“అంతలా అరిచారేంటండీ? హడలి చచ్చాను!”

“మీరు హడలిండ్రా? గీడ నా పానం పోయింది! ఏంది గిట్ల దూకుడు?”

“ప్రాక్టీసండీ బాబూ! సోమవారం షాట్ ఉంది. హీరోయిన్‌గారికి డూప్ నేనే.”

పైకొచ్చాక పేరు జెరూష అని చెప్పింది. నాన్న జేవియర్ ఫైట్ మాస్టరట. మచిలీపట్నం నుంచి వచ్చి బోరబండలో ఉంటున్నారట. బండ మీద చెల్లాచెదురైన గింజల్ని చూసి, “ఇవేంటి?” అంది.

ఫిల్మ్ నగర్ వెనకాలున్న ఆ గుట్టని ఎండాకాలంలో ఎవరో చెత్తకి పెట్టిన మంట తినేసింది. పొదలూ గడ్డీ బూడిదయ్యాయి. నెమళ్లు, కౌజుపిట్టలు కాలనీల్లోకి చెదిరిపోయాయి. షేక్‌పేటలో పుట్టి పెరిగిన సృజన్ ఓ చిన్న సంస్థ తరఫున అక్కడ మళ్లీ బోదగడ్డి, రేగు గింజలు చల్లుతున్నాడు. వానలకి ముందే చల్లకపోతే, మిగిలిన కాస్త మట్టీ కొట్టుకుపోయి గుట్ట ఉత్త బండగా మిగులుతుంది.

“మరి కింద ఆ బండ సందుల్లో చల్లరా?” అడిగింది జెరూష.

“గాడికి నేనెట్ల పోత?”

“నేను పోతాగా!”

అన్నట్టే రోజూ షూటింగ్‌కి ముందు వచ్చేది. పైన సృజన్ తాడు పట్టుకుంటే, కింద సందుల్లో తను గింజలు వేసేది.

“సృజన్‌గారూ, చూడాల్సింది తాడుని. నన్ను కాదు.”

“నేనేం చూస్తలేను!” అనేవాడు, చెవులు ఎర్రబడుతుంటే.

చల్లడం పూర్తయిన మర్నాడు ఇద్దరూ గుట్టెక్కి కొయ్యబారిపోయారు. నెమళ్ల గుంపొకటి మట్టి గీకి గీకి గింజలన్నీ ఏరుకు తింటోంది.

జెరూషకి నవ్వాగలేదు. “వీటి కోసమే కదండీ ఇదంతా! గృహప్రవేశానికి ముందే భోజనాలు పెట్టేశాం!”

సృజన్ కళ్లలో నీళ్లు చూసి ఆ నవ్వు ఆగిపోయింది.

“ఇంకేమైనా గింజలున్నాయా?”

“ఉన్నయ్. మట్టిల కలిపి ఉండలు చేస్తే పిట్టలు ముట్టయ్. కానీ రాత్రికే వానంట. మనిద్దరితోని అయితదా?”

ఆమె గబగబా గుట్ట దిగి వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి రెండు వ్యాన్లు వచ్చి ఆగాయి. కోరమీసాలు, కండల చేతులతో ఓ దండు గుట్టెక్కుతుంటే సృజన్ రెండడుగులు వెనక్కి వేశాడు.

“సృజన్ ఎవరు?” అన్నాడు ముందున్న భారీమనిషి.

“నే... నేనే సార్.”

“జేవియర్ని. జెరూష నాన్నని. మట్టెక్కడ?”

తెరమీద హీరోల చేతుల్లో తన్నులు తినే ఫైటర్లంతా వరసగా కూర్చుని మట్టి ఉండలు చుడుతుంటే సృజన్ నోరు తెరుచుకుని చూశాడు.

సాయంత్రానికి మబ్బు కమ్మింది. చివరి సందులోకి జెరూష దిగింది.

“సృజన్‌గారూ, తాడు గట్టిగా పట్టుకున్నారా?”

“పట్టుకున్న.”

“అయితే వినండి. మీరంటే నాకిష్టం.”

తాడు అతని చేతుల్లోంచి జర్రున జారింది. కింద కెవ్వుమని కేక. వెనక నుంచి ఓ పెద్ద చెయ్యి తాడుని ఒడిసిపట్టింది. జేవియర్!

“ఇష్టమన్నందుకే వదిలేశావ్. పెళ్లంటే ఏం చేస్తావయ్యా?”

“తప్పయింది సార్. షాకయిన.” మళ్లీ తాడందుకుని, “ఇగ వదల,” అన్నాడు సృజన్.

“నాన్నా! ముందు నన్ను పైకి లాగండి!”

మొహమంతా మట్టితో ఆమె పైకొచ్చేసరికి మొదటి చినుకు పడింది. అందరి ముందే, “నాక్కూడా నువ్వంటే శానా ఇష్టం,” అనేశాడు సృజన్. ఫైటర్ల ఈలలు గుట్టంతా మోగాయి.

“ఆదివారం మీ అమ్మగారిని తీసుకుని ఇంటికి రా,” అన్నాడు జేవియర్, తడుస్తూనే.

వానలు బాగానే పడ్డాయి. సృజన్ తల్లి మంజులత, జెరూష తల్లి ధనమ్మ పెళ్లి గుళ్లోనా చర్చిలోనా అని ఇంకా తేల్చుకుంటుండగానే, వీళ్లిద్దరూ ఓ ఉదయం గుట్టెక్కారు. బండ సందుల్లో సూదుల్లాంటి పచ్చటి మొలకలు.

“సృజన్, ఇటు చూడు!”

అతను ఆమెనే చూశాడు. “ ‘గారు’ యాడ పోయింది?”

“మొలకలొచ్చేదాకే ఆ మర్యాదలు,” అంటూ జెరూష అతని చెయ్యి పట్టుకుంది.