పాప కుడి చెంప

శవం మెట్ల మలుపులో ఉంది.

మూడో అంతస్తుకీ రెండో అంతస్తుకీ మధ్య. వెల్లకిలా. తల కిందికి, కాళ్ళు పైకి. ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి. తల వెనకభాగం ఇనప రెయిలింగు అంచుకి బలంగా తగిలింది.

ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. స్టేషన్లో అతన్ని చాటుగా ‘నత్త’ అంటారు. ఏ పనైనా నిదానం. ఆ పేరు అతని చెవిన పడకపోలేదు. పట్టించుకోడు, అంతే.

మొదట చూసింది రెండో అంతస్తులో ట్యూషన్లు చెప్పే మాస్టారు. దబ్బుమని చప్పుడైతే తలుపు తీశాడు. అప్పటికే ఊపిరి లేదు. ఎన్నింటికని అడిగితే ఐదు దాటి కాసేపయిందన్నాడు.

చనిపోయిన అమ్మాయి మూడో అంతస్తులో తన అక్క ఇంట్లో ఉంటోంది. బావ లిఫ్టు మెకానిక్. ఊళ్ళో ఎవరి లిఫ్టు ఆగినా అతనికే ఫోను. తనుండే బిల్డింగుకి మాత్రం లిఫ్టు లేదు. అక్క ఒక ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. పొద్దున పోతే సాయంత్రం ఐదింటికి ఇల్లు చేరుతుంది. వాళ్ళకి మూడేళ్ళ కూతురు. అందరూ చిట్టి అంటారు. మెకానిక్ తల్లి కూడా వాళ్ళతోనే ఉంటుంది. చిట్టిని చూసుకోవడానికి తోడు కావాలని అక్క కబురు పెడితే చెల్లెలు వచ్చి ఏడాది దాటింది.

ఇంట్లోవాళ్ళు ఒకటే మాట చెప్పారు. కాలు జారిందని.

ఇన్‌స్పెక్టర్ మెట్లెక్కి పైదాకా వెళ్ళాడు. పైమెట్టు మీద బట్టల బ్యాగు ఉంది. నిటారుగా, గోడకి ఆనించి. జిప్పు వేసే ఉంది.

“దీన్ని ఎవరైనా కదిపారా?”

“లేదు సార్. నేను వచ్చేటప్పటికి అక్కడే ఉంది,” అన్నాడు మాస్టారు.

ఇన్‌స్పెక్టర్ మళ్ళీ మలుపు దగ్గరికి దిగాడు. ఒకసారి కిందకి చూశాడు, ఒకసారి పైకి. కానిస్టేబుల్‌ని పిలిచి అడిగాడు.

“మెట్లు దిగుతూ జారితే ఏవి ముందు పోతాయి?”

“కాళ్ళు సార్.”

“ఈమెకి తల ముందు పోయింది. అంటే దిగడం లేదు. ఇంటివైపు తిరిగి నిలబడి, వెనక్కి పడింది. బ్యాగు కింద పెట్టి ఎవరితోనో మాట్లాడుతోంది.”

“ఎవరితో సార్?”

ఇన్‌స్పెక్టర్ మూడో అంతస్తు తలుపువైపు చూశాడు.

*

మెకానిక్ ఆ టైముకి ఊరికి అవతలి కొసన లిఫ్టు గుంతలో ఉన్నాడు. పక్కన ఇద్దరు పనివాళ్ళున్నారు. వాళ్ళని విడివిడిగా అడిగారు. తేడా రాలేదు.

మిగిలింది ఇద్దరు. అక్క, నాయనమ్మ.

అక్క లోపలి గదిలో పాపకి గౌను మారుస్తున్నానంది. నాయనమ్మ వంటింట్లో ఉన్నానంది. ఇద్దరూ చప్పుడు విన్నారు. ఇద్దరూ ఏమీ చూడలేదు.

చెల్లెలు బట్టలు సర్దుకుని ఎందుకు బయల్దేరిందని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. అక్క నోటినుంచి విషయం కొద్దికొద్దిగా బయటికొచ్చింది.

మూడు నెలల కిందట ఒక సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి చిట్టి కుడి చెంప ఎర్రగా ఉంది. చెవి ముందునుంచి నోటి మూల దాకా, ఎవరో వేళ్ళతో చరిచినట్టు. చెల్లెల్ని అడిగితే తింటూ ఉండగా వచ్చిందక్కా అంది. అరగంటకి చెంప మామూలైపోయింది. నాలుగు రోజులకి మళ్ళీ వచ్చింది. తర్వాత వారానికి రెండుసార్లు, మూడుసార్లు.

ఒక క్లినిక్‌కి ఎత్తుకెళ్ళారు. అక్కడ వంతు వచ్చేలోపు చెంప మామూలైంది. అక్కడి డాక్టరు ఏదో అలర్జీ కావచ్చన్నాడు. పాలు మానేశారు. గుడ్డు మానేశారు. సబ్బు మార్చారు, పౌడరు పారేశారు. నల్లులున్నాయేమోనని పరుపు ఎండలో వేశారు. చెల్లెలి వేలికున్న ఉంగరం కూడా తీయించారు. ఏం చేసినా ఎరుపు ఆగలేదు. అన్నీ తీసేస్తూ పోతే చివరికి మిగిలింది చెల్లెలి చెయ్యి ఒక్కటే.

ఇవాళ సాయంత్రం కూడా చెంప ఎర్రగా కనిపించింది. ఇక నా ఇంట్లో ఉండొద్దని చెప్పాను సార్, అంది అక్క. అక్కడితో ఆగిపోయింది.

నాయనమ్మని విడిగా కూర్చోబెట్టాడు. పలచటి మనిషి. మాట మెత్తన.

“ఆ అమ్మాయి పాపని కొట్టేదా?”

“నేను చూడలేదు బాబూ. చూడంది చెప్పను.”

“మచ్చ చూశారా?”

“అది అందరం చూశాం.”

“మధ్యాహ్నం పాపకి అన్నం ఎవరు పెడతారు?”

“నేనే.”

“మీరు పెట్టినప్పుడు వచ్చిందా?”

“ఒక్కనాడూ రాలేదు.”

“మీ కోడలు మిమ్మల్ని అడగలేదా, ఇదేమిటత్తయ్యా అని?”

“అడిగింది. ఏమో తల్లీ, మీ అక్కచెల్లెళ్ళ మధ్య నన్ను పెట్టకండి అన్నాను.”

ఇన్‌స్పెక్టర్ లేచాడు. ఆవిడ చెప్పినవన్నీ నిజాలే అనిపించాయి. ఎందుకో మనసు కుదుట పడలేదు.

*

మర్నాడు సాయంత్రం అతను మళ్ళీ వెళ్ళాడు. అక్క చెల్లెలి మంచం దగ్గర కూర్చుని ఉంది. నాయనమ్మ మందుల షాపుకి వెళ్ళింది. మెకానిక్ కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని ముందుగదిలో ఉన్నాడు.

చిట్టి బల్ల మీది గిన్నెలోంచి కమలాపండు ఒకటి తీసి ఇన్‌స్పెక్టర్ చేతికిచ్చింది. ఒలవమని. పిన్నికి అలవాటు చేసిన పని కాబోలు.

అతను ఒలిచాడు. తీరుబడిగా, తొన మీది పీచు కూడా తీసి. పాప నమిలి, పులుపుకి కళ్ళు మూసుకుంది. రెండో తొన ఇవ్వబోతూ అతను చెయ్యి ఆపాడు.

చెవి ముందు చిన్న చుక్కలా మొదలైంది. చూస్తూండగానే పక్కకి పాకింది. చెంప మీదుగా, నోటి మూల వైపు. కుడివైపు మాత్రమే. ఎర్రగా, వేళ్ళు అచ్చుపడ్డట్టు.

పాప ఏడవలేదు. గోకలేదు. రెండో తొన కోసం చెయ్యి చాపింది.

మెకానిక్ కూతురి తల నిమురుతూ ఎటో చూస్తున్నాడు. అతను గమనించలేదు. ఇన్‌స్పెక్టర్ అక్కడే కూర్చున్నాడు, ఆ ఎరుపు పూర్తిగా ఆరిపోయేదాకా. తర్వాత మామూలుగా అడిగాడు.

“ఈ పళ్ళు ఎవరు తెస్తారు?”

“మా అమ్మే సార్. పాపకి సాయంత్రం పూట పండు పెట్టాలని మూడు నెలల్నుంచి తనే తెస్తోంది.”

“ఆవిడే తినిపిస్తారా?”

“లేదు. మా మరదలు తినిపించేది. మా ఆవిడ వచ్చే వేళకి.”

*

మర్నాడు పొద్దున పిల్లల ఆస్పత్రిలో మెకానిక్‌ని బయట కూర్చోబెట్టి, ఇన్‌స్పెక్టర్ పాపని లోపలికి తీసుకెళ్ళాడు. డాక్టరు పాపకి పండుతొన పెట్టి, తన కళ్ళతో చూసింది. చూసి నవ్వింది. అది అలర్జీ కాదు, దెబ్బా కాదు అంది. నమిలినప్పుడు నోట్లో నీరూరమని చెప్పే నరం ఒకటి చెవి ముందునుంచి పోతుంది. కొందరు పిల్లల్లో ఆ కబురు దారి తప్పి చర్మానికి చేరుతుంది. చెంప ఎర్రబడి, కాసేపటికి పోతుంది. పుల్లటివి, గట్టిగా నమలాల్సినవి పెడితే ఎక్కువ. మెత్తగా పిసికిన అన్నం పెడితే రాకపోవచ్చు. నొప్పి లేదు, ప్రమాదం లేదు, మందు అక్కర్లేదు. చాలామందికి ఎదిగేకొద్దీ తగ్గిపోతుంది.

“ఎందుకొస్తుంది?”

“కాన్పులో బిడ్డని బయటికి లాగడానికి పట్టకారు వాడితే ఆ నరం నలిగి రావచ్చు. ఈ పాపకి అలాంటిదేమీ లేదంటున్నారు. చాలా అరుదుగా కుటుంబంలో కూడా ఉంటుంది. తల్లికో తండ్రికో చిన్నప్పుడు ఉండేదేమో, పెద్దవాళ్ళని అడగండి.”

అక్క తరపు పెద్దవాళ్ళు ఎవరూ లేరు. మెకానిక్ తరపున అతని పెద్దమ్మ ఒకావిడ వేరే ఊళ్ళో ఉంది. ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేశాడు. ఆవిడకి చెవుడు. రెండుసార్లు అడగాల్సొచ్చింది. మూడోసారి అక్కర్లేకపోయింది.

*

మూడోరోజు మధ్యాహ్నం ముగ్గుర్నీ ముందుగదిలో కూర్చోమన్నాడు. పాపని తల్లి ఒళ్ళో కూర్చోబెట్టాడు. కమలాపండు ఒలిచాడు.

“అమ్మా, పాప చెంప చూస్తూ ఉండండి. ఇంకెక్కడా చూడకండి.”

ఒక తొన పెట్టాడు.

గదిలో పాప నములుతున్న చప్పుడే. అంతలో చెవి ముందు ఎరుపు లేచింది. పాకింది. నోటి మూల దాకా వచ్చి ఆగింది.

తల్లి చూస్తూ ఉండిపోయింది. వేలితో ఆ చెంప తాకింది. తడిమింది. తన చెయ్యి తనే చూసుకుంది.

“ఇంకోటి పెట్టండి సార్,” అంది.

అతను పెట్టాడు. ఎరుపు ఇంకాస్త చిక్కబడింది.

“తింటూ ఉండగా వచ్చిందక్కా అని మొదటిరోజే చెప్పింది,” అంది ఆమె. తర్వాత అడక్కుండానే మిగతాది చెప్పేసింది. చెల్లెలు బ్యాగు తీసుకుని గడప దాటింది. తను తలుపు వెయ్యబోయింది. చెల్లెలు బ్యాగు దించి, వెనక్కి తిరిగి, నీ మీద ఒట్టక్కా అంటూ తన చెయ్యి పట్టుకుంది.

“విదిలించాను సార్. తొయ్యలేదు. చెయ్యి విదిలించాను, అంతే. తను మెట్టు అంచున ఉందని చూడలేదు.”

మెకానిక్ భార్యని చూశాడు. ఆమె పాప చెంపనే చూస్తోంది.

ఇన్‌స్పెక్టర్ నాయనమ్మ వైపు తిరిగాడు.

“మీ అక్కగారితో మాట్లాడాను.”

ఆవిడ కొంగు సరిచేసుకుంది.

“మీ అబ్బాయికీ ఇదే చెంప ఎర్రబడేదట కదా. ఐదారేళ్ళు వచ్చేదాకా.”

“అమ్మా?” అన్నాడు మెకానిక్.

“మీరే బిడ్డని కొట్టి చంపుతున్నారని మీ అత్తగారు వీధంతా చెప్పిందట. పెద్దాస్పత్రి డాక్టరు చెప్పేదాకా మీ ఆయన కూడా మీతో మాట్లాడలేదట. అంటే ఈ మచ్చ మనిషిని ఏం చేస్తుందో ఈ ఇంట్లో మీకు తప్ప ఎవరికీ తెలీదు. మీరు పెట్టేది మెత్తటి అన్నం. ఆ అమ్మాయి చేతికిచ్చేది పుల్లటి పండు. అదీ తల్లి గుమ్మంలో అడుగు పెట్టే వేళకి. మొదట్లోనే నాకు తట్టాల్సింది. ఇంట్లో అన్నీ మార్చిచూశారు, పాలు, సబ్బు, పరుపు. ఆ పండు ఒక్కటి మాత్రం ఎవరూ మార్చలేదు. తెచ్చేది మీరు కాబట్టి.”

నాయనమ్మ తల దించుకుంది.

“అది వచ్చాక పిల్ల నా పక్కలో పడుకోవడం మానేసింది,” అంది. “రమ్మంటే పిన్ని కావాలనేది. దాని ఊరికి అది పోతుందనుకున్నాను. ఇలా పోతుందనుకోలేదు.”

“అబద్ధమైతే ఒక్కటీ చెప్పలేదు మీరు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“నన్నెవరూ సరిగ్గా అడగలేదు,” అంది ఆవిడ.

*

అక్కని ఆ సాయంత్రమే తీసుకెళ్ళారు. జీపెక్కేముందు లాండ్రీ యూనిఫాం ఇంట్లోనే ఉందని, తిరిగి ఇచ్చెయ్యమని భర్తకి చెప్పింది.

నాయనమ్మ మీద ఏ సెక్షన్ పెట్టొచ్చని ఇన్‌స్పెక్టర్ ప్రభుత్వ ప్లీడరుని అడిగాడు. మనవరాలికి పండు కొన్నందుకా అని అడిగాడు ప్లీడరు. మాట్లాడకుండా ఉన్నందుకు అన్నాడు ఇన్‌స్పెక్టర్. దానికి సెక్షన్ ఉంటే ఊళ్ళో ఒక్క ఇల్లూ మిగలదని ప్లీడరు ఫైలు మూసేశాడు.

మెకానిక్ స్టేషన్ బెంచీ మీద కూర్చున్నాడు. వెళ్ళమన్నా వెళ్ళలేదు. తల్లి మొహం ఇక చూడనన్నాడు. పిల్లని తీసుకుని ఎక్కడికైనా పోతానన్నాడు. ఎక్కడికని ఇన్‌స్పెక్టర్ అడగలేదు. కాసేపటికి ఫోన్ మోగింది. ఏదో బిల్డింగులో మనుషులు లిఫ్టులో ఇరుక్కున్నారు. అతను లేచి నిలబడి, పాప దగ్గర ఎవరూ లేరు సార్, మా అమ్మ తప్ప, అన్నాడు. అలా అంటూనే పనికి వెళ్ళిపోయాడు.

కేసు విచారణకి వచ్చేసరికి ఎండాకాలం దాటింది. అక్క బెయిలు అడగలేదు. నేరం ఒప్పుకుంటానని తన వకీలుతో మొదటిరోజే చెప్పేసింది.

కోర్టు వరండాలో మెకానిక్ ఒక స్తంభం పక్కన నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు. తల్లితో మాటల్లేవని, ఒకే ఇంట్లో ఉంటున్నారని ఎవరో చెప్పారు. ఆవిడ దూరంగా బెంచీ మీద కూర్చుని ఉంది. చిట్టి ఆవిడ ఒళ్ళో ఉంది, మెడ చుట్టూ రెండు చేతులూ వేసి.

వ్యాను ఆగింది. ఇద్దరు మహిళా కానిస్టేబుళ్ళ మధ్య అక్క దిగింది. కూతుర్ని చూసి ఆగింది.

చిట్టి ఆమెని కాసేపు ఎగాదిగా చూసింది. చప్పున మొహం తిప్పుకుని నాయనమ్మ భుజంలో దాచుకుంది.

అక్క బెంచీ దగ్గరికి నడిచింది. కానిస్టేబుళ్ళు ఆమె చేతులు గట్టిగా పట్టుకున్నారు. ఇన్‌స్పెక్టర్ కూడా రెండడుగులు ముందుకేశాడు. ఆమె అత్తగారి ఎదురుగా నిలబడింది. పాప ముక్కు కారుతోంది. ఆమె చెయ్యి ఎత్తబోయి, ఎత్తలేక ఆగిపోయింది.

“జలుబు చేసినట్టుంది అత్తయ్యా,” అంది. “రాత్రిళ్ళు దుప్పటి తన్నేస్తుంది. కాస్త చూసుకోండి.”

“చూసుకుంటానమ్మా,” అంది ఆవిడ, పాప ముక్కు కొంగుతో తుడుస్తూ.

లోపల్నించి కేసు పిలిచారు.