ఎర్రగా వెలిగిన చొక్కా

"కిటికీ తెరలన్నీ మూసేయండమ్మా," అన్నాడు డాక్టర్ ఫణీంద్ర. మిట్టమధ్యాహ్నం హాలంతా చీకటైంది. ఆయన చేతిలో స్కానర్ సన్నగా రొద పెట్టింది.

విశాఖలో ఇప్పుడు వార్డుకో గాలి సైంటిస్టు ఇంటింటి గాలినీ పరీక్షిస్తూ తిరుగుతున్నాడు, పూర్వం మలేరియా వాళ్ళు తిరిగినట్టు. హైమ పిలవగా పిలవగా ఇవాళ వచ్చాడు. ఆమె కూతురు, నాలుగేళ్ల చిన్మయికి పిల్లి అలర్జీ. పెంచుకున్న పిల్లిని ఏడ్చుకుంటూ ఎవరికో ఇచ్చేశారు. పరుపులు మార్చారు, గోడలకి రంగులేశారు. అయినా పిల్ల ఛాతీలో పిల్లికూతలు పోలేదు. మొన్నైతే పెదాలు నీలంగా మారి ఆస్పత్రి పాలైంది. ఇంకోసారి అలా వస్తే దక్కుతుందో లేదో!

"పిల్లి లాలాజలంలో ఒక ప్రోటీన్ ఉంటుందండీ. ఒళ్ళు నాక్కున్నప్పుడు బొచ్చుకంటి, ఆరి, పొడిగా గాల్లో తిరుగుతుంది. ఏ పిల్లిది దానిదే, మన వేలిముద్రల్లాగా. మీ పిల్లి మెడపట్టీ మీద శాంపిల్ తీశాను కదా, దానిదైతే పచ్చగా వెలుగుతుంది. పరాయిదైతే ఎర్రగా."

పచ్చ ఎక్కడా లేదు. ఎరుపు మాత్రం గుమ్మంలో, సోఫాలో, చివరికి కొక్కేనికున్న హైమ భర్త కమలాకర్ చొక్కా మీద. దాని భుజం నిప్పుకణికలా ఉంది.

"ఇది తెల్ల పర్షియన్ జాతి. మీవారు ఎవరింటికైనా వెళ్తుంటారా? ఊరికే కూర్చుంటే ఇంత అంటదు. అది పడుకునే మంచం మీదే పడుకుని లేచినట్టుంది," అని నవ్వాడు. మహా మేధావి! ప్రోటీన్ కనిపించింది గానీ ఎదురుగా ఉన్న ఇల్లాలి మొహం కనిపించలేదు.

హైమ వేళ్ళమీద వారాలు లెక్కపెట్టుకుంది. ప్రతి గురువారం ఆఫీసు క్యాంపంటూ వెళ్ళి శుక్రవారం వస్తాడు కమలాకర్. పిల్ల మెడకి వేలాడుతుంది. శనివారానికి పిల్లికూతలు. క్యాంపుల్లో తెల్లపిల్లులుంటాయా!

"మందేమైనా ఉందా డాక్టర్‌గారూ?"

"మందెందుకమ్మా? ఆయన లోపలికి రాకముందే తలస్నానం చేసి బట్టలు మార్చుకుంటే చాలు. పాప నిక్షేపంలా ఉంటుంది."

మొగుణ్ణి ఇంట్లోంచి గెంటేద్దామంటే, నాన్న కనిపించకపోతే ముద్ద ముట్టదు పిల్ల.

శుక్రవారం కమలాకర్ వచ్చేసరికి వీధి తలుపు గడియ పెట్టి ఉంది. చుట్టూ తిరిగి వెళ్తే పెరట్లో బకెట్టుతో నీళ్ళు, తీగ మీద పొడి పంచె.

"ఏమిటిది?" అన్నాడు.

"ఆ ఇంటి పిల్లి మన పిల్లకి పడదట. ఎవరి ఇల్లని నేనడగను. మీరు చెప్పొద్దు. తలమీద పోసుకుని, బట్టలక్కడే వదిలేసి రండి."

తేలు కుట్టిన దొంగలా చెంబందుకున్నాడు.

నీళ్ళ చప్పుడుకి అత్తగారు పెరట్లోకొచ్చి, కట్టుబట్టలతో తడుస్తున్న కొడుకుని చూసి గుండె బాదుకుంది. "అయ్యో, ఎవరు పోయారే హైమా?"

"ఎవరూ పోలేదత్తయ్యా. ఇకనించి శుక్రవారం శుక్రవారం ఇంతే. మీరూ అలవాటు పడండి."