బూరుగు పరుపు

కొండాపూర్‌లోని ఆ అపార్ట్‌మెంటు గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. లిఫ్టు అప్పుడప్పుడూ పనిచేసేది. సంఘం ప్రెసిడెంటు అదీ చేసేవాడు కాదు. రెండో అంతస్తులో దినేష్, అతని భార్య హరిత, తల్లి కమలమ్మ ఉండేవాళ్లు. కడప వాళ్లు. దినేష్‌ది అమెరికా వేళల ఉద్యోగం కాబట్టి ఊరంతా లేచాక పడుకునేవాడు. అతని గురక ఎలాంటిదంటే, పై ఫ్లాటు వాసంతి కొత్త మిక్సీ కొన్న సంగతి చాలా రోజుల వరకు ఎవరికీ తెలియనే లేదు.

గురక ఉన్నంతసేపూ హరితకు భయం లేదు. గురక ఆగితేనే భయం. నిద్రలో దినేష్‌కు ఊపిరి నిలిచిపోయేది. కాసేపటికి నీళ్లలోంచి తేలినవాడిలా ఎగశ్వాసతో మళ్లీ పీల్చుకునేవాడు. ఏదో ఒకనాడు ఆ పీల్చుకోవడం జరగకపోవచ్చని డాక్టర్ కిరణ్మయి మొహమాటం లేకుండా చెప్పింది. ముక్కుకు పెట్టుకునే మిషను వచ్చేదాకా పరుపు కింద పరిచే ఒక పట్టీ ఇచ్చింది. పడుకున్నవాడి ఊపిరిని అది కనిపెడుతుంది. ఊపిరి నడుస్తుంటే హరిత ఫోనులో ఆకుపచ్చ గీత లేస్తూ పడుతూ ఉంటుంది. ఆగితే ఫోను అరుస్తుంది. వెంటనే మనిషిని లేపాలి.

అయితే వాళ్ల ఫోము పరుపు మరీ మందం. పట్టీకి ఊపిరి అందలేదు. పలచటి పరుపు వేయమన్నారు.

"అంగట్లో పరుపులన్నీ రబ్బరేనమ్మా. బూరుగు దూదిది కుట్టిస్తా" అంది కమలమ్మ. ఆమె పెరుగు గిన్నె కడిగిన నీళ్లు కూడా కరివేపాకు చెట్టుకే పోస్తుంది. కొత్త దూది ఎందుకు కొంటుంది? మెట్లు ఊడ్చే కిష్టమ్మను అడిగితే, సెల్లార్‌లో జనరేటర్ వెనక చుట్టిపెట్టిన పాత పరుపు చూపించింది. కమలమ్మ దాన్ని మదీనాగూడ తీసుకెళ్లి, దూది ఏకించి, కొత్త గలేబు వేయించి, పలచగా కుట్టించింది. తిరుపతి లడ్డూ తెచ్చినంత సంబరంగా ఆటో దిగింది.

ఆ రోజు నుంచి ఫోను ఒక్కసారి అరిస్తే ఒట్టు. ఆకుపచ్చ గీత తీరుగా లేస్తోంది, పడుతోంది. గురక కూడా తగ్గింది.

"చూసినావా? లక్షల చదువులు చదివినోళ్లు చెయ్యలేనిది నా బూరుగు దూది చేసింది" అని కమలమ్మ వాసంతికి, పాలవాడికి, ఫోనులో కడపకు చెప్పుకుంది.

హరిత మాత్రం ఊపిరి బిగబట్టి ఆ గదిలోకి వెళ్లేది. పులిసిన పాలలో జలుబు మందు కలిపినట్టు ఒక వాసన. దుప్పటి ఎన్నిసార్లు మార్చినా మధ్యలో పసుపుపచ్చటి మరక. దాన్ని తాకితే వేళ్లకు సన్నటి తీగలా సాగేది. సబ్బుతో కడిగినా గోళ్ల సందుల్లో ఆ వాసన పోయేది కాదు. అన్నం కలుపుకోబోయి, రెండుసార్లు కంచం వదిలేసి లేచింది.

"నీ ముక్కు మరీ సున్నితం తల్లీ" అంది అత్తగారు. ఆమె అప్పటికే ఆ గదిలోకి వెళ్లడం మానేసింది. మోకాళ్ల నొప్పులట.

ఆ శుక్రవారం హరిత ఇంటి నుంచే పని చేస్తోంది. మధ్యాహ్నం మీటింగు మధ్యలో ఏదో వెలితిగా అనిపించింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. గురక తగ్గడం కాదు... అసలు లేదు.

ఫోను చూసింది. ఆకుపచ్చ గీత లేస్తోంది. పడుతోంది. హమ్మయ్య అనుకుంది. అయినా లేచి వెళ్లింది.

తెరలు వేసిన గదిలో దినేష్ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నోరు తెరిచి ఉంది. పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి. ఛాతీ కదలడం లేదు.

ఫోనులో గీత లేచింది. పడింది.

"దినేష్..."

ముక్కు దగ్గర వేలు పెట్టింది. గాలి లేదు. కానీ వినిపిస్తోంది. ఊపిరి వినిపిస్తోంది. తడిగా... గొంతు నిండా కఫం అడ్డుపడి గురగురలాడుతూ... అతని నోట్లోంచి కాదు. కింది నుంచి.

అతని నడుము పక్కన దుప్పటి ఉబ్బింది. గీత లేచింది. దుప్పటి కుంగింది. గీత పడింది. కుంగినప్పుడల్లా మరకలోంచి పచ్చటి నురగ బుడగలా పైకొచ్చి, టప్పున పగిలింది.

"అత్తమ్మా... జల్ది రండి..." అని అరిచింది.

కమలమ్మకు మోకాళ్ల నొప్పులు గుర్తులేవు. ఇద్దరూ చెరో చెయ్యి పట్టి లాగారు. వీపు పరుపుకు అంటుకుపోయి ఉంది. చర్మం వదులుతున్నప్పుడు అంబలి గిన్నెలోంచి గరిటె లాగినట్టు చప్పుడైంది. నేల మీద పడగానే దినేష్ పెద్దగా ఎగపీల్చి, దగ్గి, కళ్లు తెరిచాడు. అప్పుడు కమలమ్మ ఏడ్చింది. హరిత ఆ మూలనే వాంతి చేసుకుంది.

పరుపు మీద ఎవరూ లేరు. హరిత చేతి ఫోనులో ఆకుపచ్చ గీత లేస్తూ పడుతూనే ఉంది.

చప్పుడుకు మెట్ల మీంచి వచ్చిన కిష్టమ్మ గుమ్మంలోనే ఆగి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఆ పరుపు ఎవరిదే?" కమలమ్మ అడిగింది.

"అది మూడో అంతస్తు పట్టాభిరామయ్య సార్‌ది అమ్మా. దమ్ము ఆడక దాని మీదనే పాణం పోయింది. పారేయమని ఇచ్చిన్రు. మంచి దూది గదా అని..."

"ముందే చెప్పుంటే ఏం పోయిండేదే?"

"మీరు ఎవరిదని అడగలే గదమ్మా. ఎంతకిస్తవ్ అనడిగిన్రు."

తుమ్మితే ప్రయాణం మానుకునే మనిషి కమలమ్మ. పోయినవాళ్ల పరుపు గడప దాటించి పారేస్తారని ఆమెకు ఒకరు చెప్పాలా? ఆమె వంగి పరుపు అంచు పట్టి గుమ్మం వైపు లాగింది, కదల్లేదు.

పరుపును కిందికి తీసుకెళ్లడానికి వాచ్‌మన్ స్వామితో పాటు ఇంకో ఇద్దరు పట్టాల్సి వచ్చింది. పలచటి దూది పరుపు! మెట్ల పొడుగునా తడి కారింది. సాయంత్రానికి మునిసిపాలిటీ బండి దాన్ని తీసుకుపోయింది.

దినేష్‌ను అప్పటికే దవాఖానకు చేర్చారు. డాక్టర్ కిరణ్మయి పరీక్షలన్నీ చేయించి, కాగితాలు తిరగేసి, అదృష్టవంతులు అంది. హరిత మధ్యాహ్నం నుంచి ఆపుకున్న ఏడుపు అప్పుడు వదిలింది. దినేష్ సిగ్గుపడుతూ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్కసారి విని పంపించేస్తాను" అంటూ డాక్టర్ అతని వీపున స్టెతస్కోపు ఆనించింది. "గట్టిగా పీల్చండి."

పీల్చాడు.

"వదలండి."

వదిలాడు.

"ఇప్పుడు ఊపిరి బిగబట్టండి."

దినేష్ నోరు మూసి, చిన్నపిల్లాడిలా ముక్కు కూడా రెండు వేళ్లతో నొక్కుకున్నాడు. డాక్టర్ విన్నది. చోటు మార్చి విన్నది.

"బిగబట్టమన్నాను కదండీ."

దినేష్ ముక్కు వదలకుండానే, బిగబట్టే ఉన్నానన్నట్టు తల ఊపాడు.

డాక్టర్ స్టెతస్కోపును చెవుల్లోంచి మెల్లగా తీసి బల్ల మీద పెట్టింది. అయినా ఆమె తల పక్కకు వంచి, కదలకుండా నిలబడి, ఇంకా వింటూనే ఉంది.