చప్పుడు తీసేసిన బండి

స్టేషన్ ఘన్‌పూర్‌లో రైల్వే గేటు దాటాక, బస్సులు ఆగే చోటికి కొంచెం ఇవతల అబ్దుల్ గనీ సీట్ల దుకాణం ఉంది. బోర్డు మీద ఆయన పేరే ఉన్నా పని చేసేది కూతురు హఫ్సా. మూడేళ్ల కింద గనీకి చేతులు వణకడం మొదలైనప్పటి నుంచి కత్తెర, సూది, జిగురు డబ్బా అన్నీ ఆమె చేతికే వచ్చాయి. ఆటో సీట్లు, ట్రాక్టర్ సీట్లు, కార్ల లోపలి గుడ్డలు, ఏ పని వచ్చినా కాదనేది కాదు. ఆ వానాకాలం దేవ్‌సింగ్ తెచ్చిన పని మాత్రం ఆమెకు కొత్త.

దేవ్‌సింగ్‌ది కొత్తగూడ అవతల ఒక తండా. అరవైకి దగ్గరపడ్డ మనిషి, గనీకి పాత దోస్తు. మిలిటరీవాళ్లు వేలంలో వదిలించుకున్న పాత లారీ ఒకటి ఆయన దగ్గర ఉంది. ట్రాక్టర్లు కూడా చేతులెత్తేసే వాగుల్ని అది దాటేస్తుంది. ఎరువుల బస్తాలు, మక్కలు, ఒక్కోసారి దవాఖానకు పోయే మనుషులు, అందరికీ అదే దిక్కు. వచ్చిన తంటా అంతా దాని మోతతోనే. ఇంజన్ సగం క్యాబిన్‌లోకి పొడుచుకొచ్చి డ్రైవర్ మోకాలి పక్కనే ఉంటుంది. మధ్యలో ఒక్క రేకు మూత. పన్నెండేళ్లు ఆ మోతలో కూర్చుని దేవ్‌సింగ్ చెవులు సగం పోయాయి. ఆయన మెల్లగా మాట్లాడాననుకున్న మాట కూడా వీధి చివరి దాకా వినపడుతుంది.

"నా చెవులు పోతె పోనియ్యి బిడ్డా," అన్నాడు హఫ్సాతో, అరుస్తూనే. "పోయిన వానకాలం మా తండా పిల్లను కాన్పుకు తీస్కపోతున్న. బండి ఆపుమని ఎనక నుంచి వాళ్లత్త రేకు మీద కొట్టిందట. నాకు ఇనపడలే. గా ఊగుడులనే కాన్పయింది. తల్లి, పిల్ల బతికిన్రు గని, గా పిల్ల మొకం నేను సూడలేకపోతున్న. గీ క్యాబిన్ల చప్పుడు తియ్యి. ఎనక మనిషి పిలిస్తె నాకు ఇనపడాలె."

హఫ్సా నాలుగు రోజులు ఆ లారీలోనే బతికింది. తండ్రి బయట కుర్చీలో కూర్చుని పని చెప్పేవాడు. మొదట కాళ్ల దగ్గరి రంధ్రాలన్నీ రబ్బరుతో మూసింది. రేకు అదరకుండా డాంబర్ షీట్లు అతికించింది. దాని మీద నమ్దా, అంటే మందపాటి ఉన్ని దుప్పటి లాంటి గుడ్డ. దాని మీద ఫోమ్, ఆ పైన రెగ్జిన్. తలుపులకు కొత్త రబ్బరు వేసింది. పైకప్పులో సిపాయి నిలబడి చూసే గుండ్రటి కిటికీ ఉంటే, అది కురుస్తోందని దాని రేకు మూతకు బోల్టులు బిగించి, దాన్నీ కప్పేసింది. అద్దాల మీద బయటి నుంచి వెల్డింగ్ చేసిన ఇనుప జాలి జోలికి మాత్రం పోలేదు. పని ముందుకు సాగేకొద్దీ వేలి కణుపుతో రేకును కొట్టి చూసేది. మొదట్లో ‘టంగ్’మన్న రేకు చివరికి ‘దబ్’మని ఊరుకుంది.

ఆఖరి రోజు గనీ క్యాబిన్ ఎక్కి, తలుపు వేసుకుని కాసేపు కూర్చున్నాడు. దిగినప్పుడు మెచ్చుకుంటాడని ఆమె ఎదురుచూసింది. ఆయన చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు.

"ఇత్తా చుప్ అచ్ఛా నై, బేటీ," అన్నాడు. ఇంత నిశ్శబ్దం మంచిది కాదని.

మర్నాడు పొద్దున హఫ్సా కూడా లారీ ఎక్కింది. ఎక్కడెక్కడ ఇంకా కటకటలాడుతుందో గుంతల దారిలో విని సరిచేస్తే తప్ప పని అయిపోయినట్టు కాదు. రాత్రికి దేవ్‌సింగ్ భార్య తుల్సీబాయి దగ్గర తిని పడుకుని, తెల్లారి బస్సుకు వచ్చేయవచ్చనుకుంది. ముసురు పట్టింది. నర్సంపేట దాటుతుంటే దేవ్‌సింగ్ ఉన్నట్టుండి పకపకా నవ్వాడు.

"గిది వైపర్ చప్పుడా? పన్నెండేండ్ల సంది తిరుగుతుంది గని, ఇనుడు గిదే మొదలు!"

హఫ్సాకు కడుపు నిండినట్టయింది.

అడవి మొదలయ్యాక వాన పెరిగింది. కొత్తగూడ దాటి కొంత దూరం పోయాక వాగు అడ్డం వచ్చింది. లారీ నీళ్లలోకి దిగి, అవతలి ఒడ్డు ఎక్కుతూ ఎడమ పక్కకు జారింది. ముందు చక్రం గుంతలో పడింది. ఎడమ తలుపు మట్టిగట్టుకు ఒరిగి ఆగిపోయింది. ఇంజన్ ఆగింది. బ్యాటరీ దిగిపోయేదాకా ప్రయత్నించి దేవ్‌సింగ్ స్టీరింగ్ మీద చెయ్యి కొట్టుకున్నాడు. అప్పుడు మూడున్నర.

"రెండు కిలోమీటర్లల్ల మా తండా ఉన్నది. ట్రాక్టర్ తోల్కొస్త. నువ్వు దిగకు బిడ్డా, జల్లు కొడ్తది. తలుపు బిగించి పోతున్న."

తలుపు ‘దబ్’మని మూసుకుంది. గొనెసంచి తల మీద కప్పుకుని వానలో పోతున్న ఆయన వీపు అద్దంలోంచి కాసేపు కనిపించింది. తర్వాత ఆవిరి పట్టి అద్దం తెల్లబడింది.

బయట అంత వాన కురుస్తున్నా లోపలికి చప్పుడు రాలేదు. ఎక్కడో దూరంగా ఇసుక పోస్తున్నట్టు చిన్న సవ్వడి, అంతే. జిగురు వాసన, కొత్త రబ్బరు వాసన. వాటి అడుగు నుంచి పాత గ్రీజు వాసన, తడి ఖాకీ గుడ్డ వాసన. ఫోన్‌లో సిగ్నల్ లేదు. హఫ్సా కళ్లు మూసుకుని తన ఊపిరి తనే వింటూ కూర్చుంది.

కాసేపటికి ఆమెకు ఒక సంగతి తెలిసింది.

ఆమె ఊపిరి వదిలాక కూడా... ఇంకో ఊపిరి వినిపిస్తోంది.

బిగబట్టింది. అదీ ఆగింది. వదిలింది. ఒక్క క్షణం తర్వాత, సీటు వెనక నుంచి, అదీ వదిలింది.

ఆమె అదాటున లేచి డ్రైవర్ వైపు జరిగి తలుపు పిడి తిప్పింది. పిడి ఒట్టిగా గిర్రున తిరిగింది. లోపలి కడ్డీ ఊడిపోయినట్టుంది. భుజంతో నెట్టింది. గాలి కూడా చొరకూడదని ఆమె స్వయంగా వేసిన మందపాటి రబ్బరు తలుపును పట్టుకుని వదల్లేదు. ఎడమ తలుపుకు మట్టిగట్టు అడ్డం. అద్దాలు కిందికి దిగేవి కావు, బయట జాలి. హారన్ నొక్కితే పిల్లి మూలిగినట్టు ఒకసారి మూలిగి చచ్చిపోయింది.

"దేవ్‌సింగ్ కాకా!" అని అరిచింది. ఆ అరుపు రెగ్జిన్‌లో ఇంకిపోయింది. గొంతులోంచి వచ్చిన మాట పెదవి దగ్గరే ఆగిపోయినట్టనిపించింది. తను ఇక్కడ ఎంత అరిచినా పక్కన నిలబడ్డ మనిషికి కూడా వినపడదు. నాలుగు రోజులు కూర్చుని తనే చేసిన పని అది.

అప్పుడు చెవి పక్కనే ఎవరో అన్నారు.

"ఆవాజ్ మత్ కరో..."

మగగొంతు. బాగా అలసిపోయిన గొంతు. ఊళ్లో తాము మాట్లాడే మాట కాదు, దూరదేశపు హిందీ, సిపాయిలు మాట్లాడేది.

"సున్ రహే హైఁ..."

చప్పుడు చేయొద్దు. వింటున్నారు.

హఫ్సాకు తల తిప్పాలని ఉంది, మెడ తిరగలేదు. పెదవులు కదలకుండా, ఎవరని అడిగింది. "కౌన్?"

జవాబుగా ఊపిరి మాత్రం... భయపడ్డ మనిషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తీస్తున్నట్టు, తెగి తెగి.

తలుపు మీద ఎవరో తట్టారు.

టంగ్... టంగ్... టంగ్.

"హఫ్సా బిడ్డా... తలుపు తియ్యి."

దేవ్‌సింగ్ గొంతు! ప్రాణం లేచొచ్చింది. పిడి మీద చెయ్యి వేసింది. అంతలోనే ఆ చెయ్యి అక్కడే ఆగింది. గొంతు ఆయనదే. కానీ అది గుసగుస. గుసగుసలాడడం మరిచిపోయి ఎన్నో ఏళ్లయిన మనిషి, మెల్లగా... ముద్దుగా... పిలుస్తున్నాడు.

"తియ్యి బిడ్డా... తడుస్తున్న."

టంగ్... టంగ్.

ఈ తలుపు ‘టంగ్’మనదు. డాంబర్ షీటు వేసిన తలుపు బయటి నుంచి సుత్తితో కొట్టినా ‘దబ్’మనాలి. ఆమెకు తెలుసు. ఒంటి రేకు మీద కొడితేనే ఆ మోత వస్తుంది. పైగా వానే వినపడని చోట బయటి మోత ఇంత తేటగా రాదు, అంటే ఆ తట్టేది బయట లేదు. రేకుకూ నమ్దాకూ మధ్య... వేలు కూడా దూరని సందులో ఉంది.

కొంగుతో అద్దం తుడిచింది. బయట వాన. వాగు. ఎవరూ లేరు.

"తియ్యి..." ఈసారి ఎడమ తలుపులోంచి.

"తియ్యి..." పైకప్పులోంచి.

"తియ్యి బిడ్డా..." కాళ్ల కింద నుంచి.

"మత్ ఖోలో," అంది వెనక గొంతు, ఏడుస్తున్నట్టు. తెరవకు. "చుప్... చుప్..."

ఎంతసేపో ఆమె అలాగే మోకాళ్లు కౌగిలించుకుని ఉండిపోయింది. రేకులో ఉన్నదాన్ని నమ్మాలా, సీటు వెనక ఉన్నదాన్ని నమ్మాలా తెలియలేదు. గాలి తగ్గిపోతోంది. జిగురు వాసన తలకెక్కుతోంది. ఆ మైకంలోనే ఒక ఆలోచన మెరిసింది. పన్నెండేళ్లు దేవ్‌సింగ్ కాకా ఈ సీట్లోనే కూర్చున్నాడు, ఏమీ కాలేదు. అంతకుముందు ఎందరు కూర్చున్నారో. బండి మోగినన్నాళ్లు ఏమీ కాలేదు. నోరు మూయించింది తను.

తన పనిముట్ల సంచిలో చెయ్యి పెట్టి రెగ్జిన్ కోసే కత్తి తీసింది.

"నహీఁ..." అంది వెనక గొంతు, వద్దన్నట్టు. "నహీఁ... నహీఁ..."

తల పైన కత్తి దించి బర్రున లాగింది. రెగ్జిన్ చీలింది. ఫోమ్ తెంపింది. నమ్దాను, దాని వెనకున్న డాంబర్ షీటును గోళ్లతో పట్టి గుంజింది. పైకప్పు కిటికీ మీద ఒంటి రేకు బయటపడింది. వాన చప్పుడు ఒక్కసారిగా లోపలికి దూకింది. ఆమె సంచిలోని సుత్తి అందుకుని ఆ రేకును కొట్టింది. టంగ్! ఇంకోసారి. బోల్టులు ఊడలేదు, ఊడతాయని కూడా ఆమె అనుకోలేదు. గోలే కావాలి ఆమెకు. కొడుతూ అరిచింది, అరుస్తూ అల్లా పేరు తలిచింది. చెయ్యి నొప్పి పుడితే రెండో చేత్తో కొట్టింది. ఎప్పుడైనా ఊపిరి కోసం ఆగితే చాలు... ఆ సందులో మళ్లీ "తియ్యి బిడ్డా" అని వినిపించేది. మళ్లీ కొట్టేది.

ఆరు గంటలకు, ఇంకా వెలుతురుండగానే, గడ్డపారతో తలుపు తెరుచుకుంది.

"ఏమైంది బిడ్డా! ఏమైందే!" దేవ్‌సింగ్ అడవి అదిరేలా అరుస్తున్నాడు. వెనక ట్రాక్టర్, నలుగురు మనుషులు. ఆ అరుపు విని హఫ్సా వానలో బురదలోనే కూలబడి, ఆయన కాళ్లు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

లారీని లాక్కుంటూ తండా చేరారు. తుల్సీబాయి ఆమె చేతులకు నూనె రాసి, వేడి చాయ్ తాగించి, తన పక్కనే పడుకోబెట్టుకుంది. పొద్దున హఫ్సా దేవ్‌సింగ్‌తో జరిగిందంతా చెప్పింది.

"ఏసిందంతా తీసేస్త కాకా. నన్ను ఏమనుకోకు."

ఆయన నోట్లోంచి చుట్ట తీశాడు.

"నర్సంపేట దాటినంక, జర చుప్ ఉండుమని ఎవరో అంటె, నువ్వే అన్నవనుకున్న బిడ్డా. నీ దిక్కు సూస్తె నువ్వు బయటికి సూస్తున్నవ్." చుట్ట నలిపి పారేశాడు. "తియ్యి. అంత పీకెయ్యి. ఎనక నుంచి ఒక తాడు గుంజి, నా తలకాయ కాడ గంట కడ్త. ఆపుమన్నోళ్లు గుంజుతరు. నా చెవులు పోతె పోతయ్."

తెల్లటి ఎండలో, రెండు తలుపులూ బార్లా తెరిచి, తండా ఆడవాళ్లు చుట్టూ నిలబడి ఉండగా హఫ్సా పని మొదలుపెట్టింది. డ్రైవర్ తలుపు రెగ్జిన్ కోసి, ఫోమ్‌నూ నమ్దానూ కలిపి ఒక్క చాపలా ఊడదీసి, తిరగేసి గడ్డి మీద పరిచింది.

రేకు వైపున్న ఆ నమ్దా మీద గుంటలు ఉన్నాయి. వరసగా కాదు, ఇష్టమొచ్చినట్టు, ఒకదాని మీద ఒకటి ఎక్కి. ఆమె మొదట జిగురు పొంగి ఆరిన మరకలనుకుని వంగింది. ఒక్కో గుంటలో మడత, మడత లోపల చిన్న బుడిపె, కింద మెత్తటి తమ్మె.

చెవులు. రేకు వైపు నుంచి క్యాబిన్‌లోకి ఆనించిన చెవులు. పెద్దవి, చిన్నవి. ఒకదానికి తమ్మె చిరిగి ఉంది.

ఆమె బొటనవేలితో పక్కన గట్టిగా నొక్కి చూసింది. వేలు తీయగానే నమ్దా పొంగి సమమైంది. అది గుర్తు నిలుపుకునే గుడ్డ కాదు. మరి ఆ చెవులు మాత్రం ఊడదీసినప్పటి నుంచి అలాగే ఉన్నాయి.

"ఏందది బిడ్డా?" అని అరిచాడు దేవ్‌సింగ్, లారీ అవతలి నుంచి.

ఆమె కళ్ల ముందే, ఎండలో, అంచున ఉన్న ఒక చిన్న చెవి గుంట మెల్లగా... మెల్లగా పొంగి... మాయమైంది. వినాల్సింది విని, ఎవరో అప్పుడే చెవి తీసినట్టు.