శుక్రవారం వచ్చిన ఉత్తరం

యాయత్ మాస్టారిని చంపింది ఒక కప్పు అల్లం కషాయం.

మంగళవారం పొద్దున బాండుంగ్‌లోని తన ఫ్లాట్‌లో, లాప్‌టాప్ ముందే ఒరిగిపోయాడాయన. శుక్రవారం మధ్యాహ్నానికి కూడా ఆ వార్త నిఘా బ్యూరో గోడలు దాటలేదు. చీఫ్ హార్తినీ దాటనివ్వలేదు.

"కూర్చో, ఇర్వాన్."

"నిలబడే వింటాను మేడమ్."

ఏజెంట్ ఇర్వాన్ యాయత్‌కి సొంత తమ్ముడు. తమ ఆచారం ప్రకారం పోయినరోజే మట్టిలో పెట్టాల్సిన అన్న ఇంకా మార్చురీలోనే ఉన్నాడు. ఆ కోపం ఎవరిమీద చూపించాలో తెలియక పళ్ళు బిగించుకుని నిలబడ్డాడు.

"మీ అన్న వారం వారం రాసే ఉత్తరం తెలుసుగా?"

"ప్రోగ్రామర్లకి. కొత్త టూల్స్, వాళ్ళ కబుర్లు. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు."

"కోడ్ రాసేవాళ్ళకి అర్థమవుతుంది. ఆయన మంచిదంటే కళ్ళు మూసుకుని ఇన్‌స్టాల్ చేస్తారు. హెరాన్ ముఠా ఫోన్లు విన్నాం. ఇవాళ మూడింటికి ఆయన పేరుతో ఒక ఉత్తరం వెళ్తోంది. పాస్‌వర్డ్‌లు దాచిపెట్టే టూల్ అని పొగుడుతూ. నిజానికది దోచిపెట్టే టూల్. ఆసుపత్రులు, బ్యాంకులు, కరెంటు, అన్నిటి తాళాలూ ముఠా చేతికి వెళ్ళిపోతాయి. మీ అన్నని పొగడమన్నారు. చస్తే పొగడనన్నాడు."

"అన్నంత పనీ చేశాడు," అన్నాడు ఇర్వాన్. "ఇప్పుడు ఎవరు రాస్తున్నారు?"

"రెంగనిస్."

రెంగనిస్‌ని ముఠాలోకి దూర్చింది ఇర్వానే. ముఠా ఆమెను యాయత్ దగ్గర అసిస్టెంట్‌గా పెట్టింది. రెండు వైపులా జీతం తీసుకునే అందగత్తె. యాయత్ పోయిన దగ్గర్నుంచి బ్యూరోకి ఆమె నుంచి ఒక్క కబురూ లేదు.

"మనవైపు ఉందో లేదో తెలీదు," అంది చీఫ్. "ఉత్తరం ఆపు. ఆమె అడ్డొస్తే ఇక ఆలోచించకు."

ఇర్వాన్ డెలివరీ కుర్రాళ్ళ ఆకుపచ్చ జాకెట్, హెల్మెట్ తగిలించుకున్నాడు. అన్న ఫ్లాట్ నుంచి వచ్చిన బతగోర్ చేప వడల ఆర్డరు అసలు కుర్రాడి దగ్గర తీసుకుని, వేడి బ్యాగులో పెట్టుకుని బైకెక్కాడు. బ్యాగు అడుగున జామర్ ఉంది. నొక్కితే ఆ అంతస్తులో వైఫై చచ్చిపోతుంది.

తలుపు తీసింది రెంగనిస్. ఎర్ర సిల్కు కెబాయా రవిక, కళ్ళ కింద నలుపు. గుర్తుపట్టింది. పట్టనట్టే ఉంది.

"ఇంత లేటా అన్నా? చల్లారిపోయుంటే నువ్వే తిను."

"వానమ్మా. రోడ్లన్నీ చెరువులే."

ఆమె వెనక సోఫాలో పిస్టల్ ఒళ్ళో పెట్టుకుని క్రేన్ కూర్చున్నాడు. హెరాన్ నాయకుడు. అన్న బల్లమీద అన్న లాప్‌టాప్ తెరిచి ఉంది. రెంగనిస్ తిన్నగా వెళ్ళి దాని ముందు కూర్చుంది.

ఇర్వాన్ జామర్ నొక్కాడు. ఆమె సెండ్ నొక్కింది.

క్రేన్ పకపకా నవ్వాడు. "వైఫై చంపేశావే! ఏం ఫర్వాలేదులే కుర్రాడా, ఇది కేబుల్ మీద నడుస్తోంది."

ఏం చెప్పమంటారు! అంత పెద్ద బ్యూరోలో ఆ కేబుల్ సంగతి ఒక్కరికీ తోచలేదు.

క్రేన్ పిస్టల్ ఎత్తేలోపు ఇర్వాన్ కాల్చాడు. మోచేయి చితికి క్రేన్ నేలమీద దొర్లాడు. వాడి మణికట్టుకీ సోఫా కాలికీ సంకెల వేసి, ఇర్వాన్ తుపాకీ రెంగనిస్ వైపు తిప్పాడు.

"నిన్ను కూతురిలా చూసుకున్నాడు కదే! అన్నం పెట్టాడు కదే!"

"కాలుస్తావా? కాల్చు. ఆ కప్పు ఆయన చేతికిచ్చింది నేనే. వీడు అందులో ఏం కలిపాడో నాకు తెలీదు. తెలీకపోతే మాత్రం? ఇచ్చింది నా చెయ్యే కదా!" ఆమె ఏడవడం లేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయినట్టుంది. "కాల్చేముందు ఒక్కసారి ఆ స్క్రీన్ చూడు."

ఎంతమంది టూల్ ఎక్కించుకున్నారో చూపే అంకె. సున్నా. కాసేపాగి చూశాడు. సున్నాయే.

"నా ఫోన్ లాక్కున్నాడు. నీకు చెప్పే దారి లేదు. అందుకని శుక్రవారం పంపుదామన్నాను. శని ఆదివారాలు ఆఫీసుల్లో ఎవరూ ఉండరు, కాపలా ఉండదు అన్నాను. వీడు భేష్ అన్నాడు. జన్మలో ఒక్క లైను కోడ్ రాసిన మొహం కాదు."

"శుక్రవారమైతే?"

"శుక్రవారం సాయంత్రం కొత్తది ఎక్కించేవాడు కోడ్ రాసే మా వాళ్ళలో ఉండడన్నా. ఏదైనా పాడైతే శనివారం పెళ్ళాం పిల్లల్ని వదిలి ఎవడు బాగుచేస్తాడు? అందరూ సోమవారం చూద్దాంలే అనుకుంటారు. ఈలోగా మీరు అందర్నీ హెచ్చరించొచ్చు. అసలు మాస్టారైతే సోమవారమే తప్ప శుక్రవారం మాకు ఉత్తరమే రాయడు."

లాప్‌టాప్ టింగుమంది. మళ్ళీ టింగుమంది. ఇక ఆగలేదు.

మాస్టారూ, ఇది మీరేనా? శుక్రవారం రాశారేంటి, ఒంట్లో బాగుందా? సురబాయా నుంచి ఒకడు ఆసుపత్రిలో తోడుండటానికి రాత్రికే రైలెక్కి వస్తానన్నాడు.

ఇర్వాన్ తుపాకీ దించి అన్న కుర్చీ పక్కన నేలమీద కూలబడ్డాడు. తనకి ఒక్క ముక్క అర్థం కాని ఉత్తరాలకి ఇంతమంది చుట్టాలున్నారని అన్న ఎప్పుడూ చెప్పలేదు. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

"వీళ్ళకి చెప్పాలి," అన్నాడు లాప్‌టాప్ ఆమె వైపు తోస్తూ. "నువ్వు రాయి. ఆయనలా రాయడం నీకొచ్చుగా."

"అందుకే నేను రాయకూడదు. నువ్వే రాయి."

రెండు వేళ్ళతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాడు: టూల్ ముట్టుకోకండి. మంగళవారం మా అన్న పోయాడు. రేపు పొద్దున ఖననం.

మొదటి జవాబు వెంటనే వచ్చింది.

"ఇదీ శుక్రవారమే వచ్చింది. నమ్మం. సోమవారం మాస్టారే రాయాలి."

శిష్యులంటే వాళ్ళు! గురువు చావుని కూడా సోమవారానికి వాయిదా వేశారు.