మూడు నిమిషాలకు నూరు చుట్లు

"సార్, మీ రికార్డుకు పానం బాగలేదు. జల్దీ దవాఖానాకు తీసుకపోన్రి."

తలుపు తీయగానే వినిపించిన మొదటి మాట అది. 1986 జూలై. దుమ్ముగూడెంలో మూడు రోజులుగా ఒకటే వాన. గొడుగున్నా సగం తడిసిన ఒక అమ్మాయి గడపలో నిలబడి ఉంది. చూపు మాత్రం నా మీద లేదు. నా వెనుక బల్ల మీద తిరుగుతున్న రికార్డు మీద ఉంది.

"మీరెవరు?"

"ధరావత్ ద్వాలి. రేపు మీ హైస్కూల్ల లెక్కల టీచర్‌గా జాయినైత. పక్క పోర్షన్ కిరాయికి తీసుకున్న. గోడ పల్చగున్నది సార్. పొద్దున్నుంచి ఆ వయొలిన్ మూలుగుడు వింటనే ఉన్న."

"మూలుగుడు కాదది. పోలెండు జాజ్. అది విషాదం."

"విషాదం గిట్లుండదు సార్. ఇది నీరసం."

ఆ రికార్డుల మీద ఈగ వాలినా సహించని రోజులవి. నేను మణుగూరులో పనిచేసినప్పుడు నా పక్కింట్లో యాన్ అనే పోలెండు ఇంజనీరు ఉండేవాడు. గనుల పని ముగించుకొని స్వదేశానికి వెళ్తూ అయిదు ఎల్పీ రికార్డులు నా చేతిలో పెట్టిపోయాడు. జాజ్ అనగానే శాక్సోఫోన్ అనుకుంటారు. వీటిలో ఆ పని వయొలిన్ చేస్తుంది. ఊపిరి తీసుకునే చోట ఆగుతుంది, మాటను మధ్యలో తెంపుతుంది, డ్రమ్స్ వాదనకు దిగితే ఎదురు జవాబు చెబుతుంది. ఒక రికార్డులో దానికి కరెంటు కూడా పెట్టారు. నాకు ప్రాణమైనది మాత్రం మూడోది. అందులో కొండ పల్లెల పెళ్లిపాట ఒకటుంది. ఒక తీగను ఆగకుండా మోగనిస్తూ, పక్క తీగ మీద చిత్రిక పట్టని కలపలా గరుకుగా ఆ పాటను నడిపిస్తారు. దాన్నే జాజ్ వాళ్లు అందుకొని ఎక్కడికో తీసుకుపోయి, ఆఖరుకు మళ్లీ ఊళ్లోకి తెచ్చి దింపుతారు.

ఖమ్మం జిల్లా మొత్తంలో ఈ సంగీతం విన్న చెవులు నావి రెండే అని నాకు గర్వం. ఎవరినీ సర్వే చేయలేదన్నది వేరే సంగతి. ఆగస్టులో భద్రాచలంలో ఉపాధ్యాయుల క్లబ్ సభ ఉంది. అక్కడ 'పోలెండు వయొలిన్‌లో విషాదం' అన్న అంశం మీద నా ప్రసంగం. ఆహ్వాన పత్రాలు అచ్చయ్యాయి కూడా.

"ఇది వాళ్ల పెళ్లిళ్లలో నాట్యమాడే పాట. వాళ్ల సంతోషంలోనూ ఇంత దుఃఖం ఉందంటే ఆలోచించండి" అన్నాను, వీలైనంత ఓర్పుతో.

"పెండ్లిల ఆడేదా?" ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "ఏదీ, ఇంకోసారి పెట్టున్రి."

పెట్టాను. ఆమె గొడుగు మూలన పెట్టి, రెండడుగులు వేసి, మూడో అడుగుకు కాలెత్తి అలాగే ఆగిపోయింది.

"చూడున్రి సార్. కాలు లేపిన. దించే దెబ్బ ఇంకా రాలే. మా అద్దాల లంగా, పేటియా కట్టుకొని తిరిగితే అది గాలిల గొడుగు లెక్క లేవాలె. ఈ స్పీడుకు కాళ్లకు చుట్టుకుంటది. పెండ్లిపిల్ల బోర్లపడ్తది."

"వాళ్లు పేటియాలు కట్టరు. మీ పాదం కొలమానం కాదు, టీచర్."

"పోనీ, భూమ్యాకర్షణ? అది పోలెండ్ల వేరే ఉంటదా సార్? లేపిన కాలు ఆడ గాలిలనే ఆగుతదా?"

ఫిజిక్స్ మాస్టరును. భూమ్యాకర్షణను కాదనలేను. చివరికి ఎనిమిదేళ్లుగా పిల్లలకు చెప్పే మాటే చెప్పాను. "రుజువు చూపండి."

"చూపిస్త. ఈ రికార్డు నిమిషానికి ముప్పై మూడు చుట్లు, ఆపైన ఇంకో మూడోవంతు తిరగాలె. అంటే మూడు నిమిషాలకు నూరు. అంచుకు కాయితం ముక్క అతికించున్రి. మీరు వాచీ చూడున్రి, నేను లెక్కపెడ్త."

"నేనూ లెక్కపెడతాను."

"నా మీద నమ్మకం లేదా?"

"ఒక్కరి లెక్క మీద ఆధారపడకూడదు."

ఇద్దరం తలలు వంచి ఆ కాగితం ముక్కనే చూశాం. ఆమె తడిజడ నుంచి ఒక చుక్క నా వాచీ అద్దం మీద పడింది. నలభై దగ్గర నా లెక్క తప్పింది. ఆ సంగతి బయటపెట్టలేదు.

"ఎనభై ఎనిమిది. మీకెంత సార్?"

"మళ్లీ లెక్కపెడదాం."

రెండోసారీ ఎనభై ఎనిమిదే.

కారణం నాకు తెలుసు. రెండేళ్ల కిందట ప్లేయర్ బెల్టు తెగితే, ఖమ్మం దాకా పోవడానికి బద్ధకించి, సైకిల్ ట్యూబును సన్నగా కత్తిరించి నేనే తగిలించాను. అది సాగి జారుతోంది. రెండేళ్లుగా నేను కళ్లు మూసుకొని విన్న విషాదం పోలెండుది కాదు, సైకిల్ ట్యూబుది.

ఆ వారమంతా స్టాఫ్ రూములో ఆమెకు ఎదురుపడకుండా తిరిగాను. ఆమె మాత్రం ఎదురైన ప్రతిసారీ "ఎట్లున్నది సార్ పేషెంటుకు?" అని అడిగేది. శనివారం బస్సెక్కి ఖమ్మంలో ప్లేయర్లు బాగుచేసే బషీర్ భాయ్ దుకాణానికి పోయాను. ఆయన పాత బెల్టును రెండు వేళ్లతో ఎత్తి పట్టుకొని పగలబడి నవ్వాడు. "సైన్స్ సారూ, ట్యూబును సైకిల్‌కే ఉండనియ్యున్రి!"

ఆదివారం ఆమెను పిలిచాను. కాగితం ముక్క సరిగ్గా నూరు చుట్లు తిరిగింది. ఈసారి నా లెక్క తప్పలేదు.

తర్వాత పాట పెట్టాను. అది పరిగెత్తలేదు, లేచి నిలబడింది. మూడు దెబ్బల నడక. బరువు ఒకసారి రెండో దెబ్బ మీద పడుతుంది, ఇంకోసారి మూడో దాని మీద, ఎక్కడ పడుతుందో తెలియకుండా. దాని మీద వయొలిన్ కొంగు దోపుకొని దిగింది. ఏడుపన్నది ఎక్కడా లేదు. ఎవరి ముందూ తల వంచని ఒక పల్లె తన పెళ్లిని తానే చాటుకుంటోంది. ద్వాలి నవ్వుతూ, "గిది పాట!" అంది. ఆ నవ్వు చూసి, ముందుగా ఆలోచించుకోని మాట నేను జీవితంలో మొదటిసారి అన్నాను.

"ద్వాలీ, నన్ను పెళ్లి చేసుకుంటారా?"

ఆమె తల దించుకోలేదు. నా వైపు సూటిగా చూసింది.

"ఎనభై ఎనిమిది అని నాలుగు గోడల నడుమ ఒప్పుకున్నరు. భద్రాచలంల ఏం చెప్తరు?"

"అంశం మార్చుకుంటాను. వేరే విషయం..."

"మార్చుకుంటరు. తప్పైందని చెప్పరు." గొంతు తగ్గించి అంది. "నేను లెక్కల మనిషిని సార్. తప్పును చెరిపేసెటోనితోని నాకు బతుకు కుదరదు. కొట్టేసి పక్కన ఒప్పు రాసెటోడైతే ఆలోచిస్త."

భద్రాచలం సభకు ఎనభై మంది వచ్చారు. చివరి బెంచీ మీద ద్వాలి, పక్కన తలపాగాతో ఆమె తండ్రి బద్యా ఉన్నారు. బిడ్డ బడి ఎట్లుందో చూసిపోదామని ఇల్లెందు వైపు తండా నుంచి ఆయన ముందు రోజే వచ్చాడట. లేచి మైకు పట్టుకున్నాను.

"ఆహ్వాన పత్రంలో విషాదం అని ఉంది. అది తప్పు. ఆ తప్పు నాది" అని మొదలుపెట్టాను. సైకిల్ ట్యూబు నుంచి నూరు చుట్ల దాకా మొత్తం చెప్పాను. జనం నవ్వారు. నవ్వనిచ్చాను. "యంత్రాన్ని పరీక్షించకుండా ఒక జాతి మనసును పరీక్షించాను. ఒక పాదం ఆ పొరపాటును పట్టుకుంది. ఆ పాదం మా లెక్కల టీచర్ ధరావత్ ద్వాలి గారిది."

చప్పట్లు ఆగకముందే అధ్యక్షస్థానంలో ఉన్న పెద్దమనిషి ఉత్సాహపడ్డాడు. "లంబాడీ అమ్మాయా? అయితే స్టేజీ మీద ఒక డాన్స్ చేయించండి, మాస్టారూ!"

ద్వాలి ముఖం బిగుసుకుంది.

"అధ్యక్షా, ఆమె ఇక్కడికి రుజువు ఇవ్వడానికి వచ్చారు, వినోదం పంచడానికి కాదు" అన్నాను.

అప్పుడు ద్వాలి లేచి నేరుగా వేదిక మీదికి వచ్చింది. సుద్దముక్క తీసుకొని బోర్డు మీద మూడు గీతలు గీసి, రెండో గీతను లావుగా దిద్దింది.

"నేను టెన్త్‌ల ఉన్నప్పుడు మంత్రిగారు వస్తున్నరని మమ్ముల రోడ్డు మీద రెండు గంటలు ఆడించిన్రు సార్. ఆయన కారు ఆగలే. అప్పటి సంది మా పెండ్లిళ్లల్ల తప్ప ఆడ. ఇయ్యాల మీరే ఆడుతరు. అందరు లేవున్రి. ఒకటి, *రెండు*, మూడు. లావు గీతకు కాలు గట్టిగ పడాలె. అధ్యక్షులు గూడ!"

వెంట తెచ్చిన ప్లేయర్ మీద నేను రికార్డు పెట్టాను. పోలెండు కొండల పెళ్లిపాటకు భద్రాచలంలో ఎనభై మంది ఉపాధ్యాయులు అడుగు వేశారు. మొదట తడబడ్డారు. మూడో చుట్టుకు నేల ఒకే దెబ్బగా మోగింది. అధ్యక్షుడి చెప్పు ఊడిపోయింది. వేదిక మీద నిటారుగా నిలబడి ఎనభై జతల కాళ్లను నడిపిస్తున్న ఆమెను చూస్తుంటే నాకు కలిగిన గర్వానికి కొలత లేదు. కొలత లేని దాన్ని నేను ఒప్పుకోవడం అదే మొదలు.

సభ ముగిశాక, బయట వాన పడుతుంటే, మెట్ల దగ్గర ద్వాలి తన తండ్రి చెయ్యి పట్టుకొని నా ముందుకు తెచ్చింది.

"బాపూ, ఈ సార్ నిన్నొక మాట అడుగుతడట."

నా గుండె మూడో గీత దాటిపోయింది. అడిగేలోపే బద్యా చేయెత్తాడు.

"ముందు నేనడుగుత. ఆ వాయించినోళ్లు మనోళ్లేనా? ఎన్నడో తొవ్వ తప్పి అటు పోయిన మన తండోళ్లు కావచ్చు గద?"

ఆయన కళ్లలో ఆశ వెలిగింది. అవునంటే చాలు, పని అయిపోతుంది. ద్వాలి నన్నే చూస్తోంది.

"లేదు మామా. దానికి ఆధారమేదీ నాకు తెలియదు. వాళ్ల పాట వాళ్లది. మన కాలికి అందింది, అంతే."

బద్యా తలపాగా సర్దుకున్నాడు.

"అవ్ అంటే ఏం పోయేదయ్యా నీకు? ఊరంత చెప్పుకొని తిరుగుదును." నిట్టూర్చి బిడ్డ వైపు తిరిగాడు. "పిల్లనడిగెటందుకు వచ్చి గూడ అబద్ధమాడలే. గిట్లాంటోని చేతిల పెడితే నాకు నిద్ర పడ్తది." మళ్లీ నా వైపు చూశాడు. "మీ ఇంటిపేరేంది?"

"భూక్యా రామ్‌చందర్. ముదిగొండ దగ్గర తండా."

"భూక్యోళ్లా? వేరే గోత్రమే, అడ్డం లేదు. తండా పెద్ద నాయక్ ముంగట బెల్లం తిన్నంకనే పెండ్లి ఖాయమని నీకు తెల్వంది గాదు. అది తర్వాత. ఇయ్యాల మనమిద్దరం నోరు తీపి చేసుకుందాం. ఈడ బెల్లం ఏడ దొరుకుతది? ఎవరన్న పోయి..."

ఎవరిని పంపాలా అని ఆయన చుట్టూ చూసేలోపే, గొడుగు కూడా మరిచి, ద్వాలి వానలోకి దిగి కిరాణా దుకాణం వైపు నడుస్తోంది.